ఎంతమందిల ఫస్టు?

మొన్న కోదాడల మా తమ్ముని ఇంట్ల నా పరువు పోయింది.

తమ్ముని బిడ్డ ఇంటర్ సదువుతున్నది. కాలేజీల పెట్టిన పరీక్షల తొంభై ఆరు పర్సెంటైల్ వచ్చిందని ఎగురుకుంట వచ్చి చెప్పింది. నేను చాయ్ గ్లాసు కింద పెట్టి, "అయ్యో బిడ్డా, గంత ఎనుకవడ్డవా?" అన్న. ఇల్లంత బిత్తరపోయింది. పిల్ల మొగం ఇంత చిన్నగ అయింది. మా మరదలిది ఆంధ్ర దిక్కు, ఊకుంటదా? "అదేంటి వదినగారూ, నూటికి తొంభై ఆరు మందిని దాటేసిందండీ పిల్ల! మీరేమో అయ్యో అంటారేంటి?" అన్నది. అప్పుడు తెలివికొచ్చి నాలిక్కరుసుకున్న. పరీక్షలల్ల ఆ అంకె పెద్దగుంటెనే మంచిదాయె. చిన్నగుంటె మంచిదని నా నెత్తికెక్కించినాయన వేరే ఉండె. ఆయన పోయి ఏడాది దాటింది. పిల్లను దగ్గరికి తీసుకొని ముద్దు పెట్టుకున్న గని, సూర్యాపేట బస్సెక్కినంక దారి పొడుగూత ఆయనే యాదికొచ్చిండు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పక్క సీట్ల ఆమె నన్ను పిచ్చిదాన్ని సూసినట్టు సూసింది.

ఆయన పేరు రాయను. పేరు పెట్టి పిలిచినోళ్లు కూడ తక్కువే. సూర్యాపేటల అందరికి కాంపౌండర్ సాబ్. మనుషుల దవాఖాన కాదు, పశువుల దవాఖాన. చివ్వెంల దిక్కు పల్లె ఆయనది. తాతల కాడికెల్లి గొర్ల మందలు వాళ్లయి. ఆ ఇంట్ల సదువుకొని నౌకరీ పట్టింది ఆయనొక్కడే. నిడమనూరుల చాన ఏండ్లు చేసి, ఆఖర్న సూర్యాపేటల రిటైర్ అయిండు. ఇంట్ల కూసుంటె కాళ్లు పట్టుకపోతయని, అరవైకి దగ్గరవడ్డ వయసుల పరీక్ష రాసి మ్యూచువల్ ఫండ్ల ఏజెంటయిండు. పశువులకు సూదులిచ్చిన చేతితోని ఫారాలు నింపుడు మొదలువెట్టిండు.

మాది బియ్యం దుకాణం. మా ఆయనది తూకం, నాది మాట. ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితె ఎక్కువ, మిగిలినయన్నీ నేనే మాట్లాడాలె. కాంపౌండర్ సాబ్ పొద్దున పదింటికి వచ్చేటోడు. తెల్లంగి, జేబుల రెండు పెన్నులు, సంకల గుడ్డసంచి. బయటనే చెప్పులిడిసేటోడు. దుకాణంల కుర్చీ ఉండె, కూసో అంటె కూసునేటోడు కాదు. గడప అవతల అరుగు మీద బియ్యం బస్తా ఉంటె దాని మీద కూసునేటోడు. చాయ్ ఇస్తె తాగి, గ్లాసు తనే కడిగి బోర్లిచ్చేటోడు. "మా ఇంట్ల పనిమనిషి లేదనుకున్నవా సాబ్?" అని నేను కోప్పడ్డ రోజులున్నయ్. "చేతులున్నయ్ గద అమ్మా" అనేటోడు. మళ్ల తెల్లారి గదే పని.

ఆయనకొక పాడు అలవాటు. ఎవరన్న గొప్ప చెప్పుకుంటె సాలు, "ఎంతమందిల?" అని అడిగేటోడు. మా పక్క బట్టల దుకాణమాయన ఒకనాడు మిఠాయి డబ్బ పట్టుకొని వచ్చి, "మా చిన్నోడు క్లాసుల ఫస్టొచ్చిండు" అన్నడు. కాంపౌండర్ సాబ్ లడ్డు నోట్లె పెట్టుకొని, "సంతోషం సేటూ. ఎంతమందిల ఫస్టు?" అన్నడు. సేటు అటు సూసి ఇటు సూసి, "ఏడుగురు" అన్నడు. నాకు నవ్వాగక లోపటికి ఉరికిన. ఆ సేటు నెల దినాలు మా దిక్కు రాలె.

నన్ను మటుకు ఇడిసిపెట్టిండా? "మా బియ్యం సూర్యాపేటల నంబర్ వన్" అని ఎవరికో చెప్తుంటె, "ఏ బియ్యంల అమ్మా? సన్నబియ్యంలనా, దొడ్డుబియ్యంలనా? ఎన్ని దుకాణాలల్ల?" అన్నడు. "గన్ని లెక్కలెందుకు సాబ్, మాట వరుసకన్న" అంటె, "సన్నాన్ని సన్నంతోని సూడాలె, దొడ్డును దొడ్డుతోని సూడాలె. రెండు కలిపి నంబరిస్తె ఎవడికి లాభం?" అన్నడు. గిరాకీ ముందటనే అన్నడు. నేను పండ్లు పటపట కొరికిన.

ఇగ అసలు సంగతి. మా చెల్లెను మిర్యాలగూడల రైసుమిల్లోళ్లకిచ్చినం. పిల్లలు కాలె, మరిది గుండెపోటుతోని పోయిండు. మిల్లు ఎనుక ఒక్క అర్ర ఇచ్చిన్రు దానికి. అది ఉప్పుడు బియ్యం మిల్లు, పొద్దుమాపు ఊక మండుతనే ఉంటది. ఆరేసిన చీర మీద బూడిద, వండుకున్న అన్నం మీద బూడిద. అర్రల కూసోని దగ్గుకుంట, "అక్కా, బూడిద రాని కాడ నా పేరు మీద రెండు రూములుండాలె. ఎన్నేండ్లయినా సరె" అనేది. దానికి ఇంకో కోరిక లేకుండె. మిల్లు అన్నదమ్ములు పంచుకున్నప్పుడు దాని వాటా కింద పైసలు చేతుల పెట్టిన్రు. ఆ పైసలకు ఇంటి జాగ గూడ సరిగ రాదు. పెంచాలె. ఏం జేద్దామని నా దగ్గరికొచ్చింది. అది రెండు వేల అయిదు.

నేనే కాంపౌండర్ సాబ్‌ను పిలిపించిన. ఆయన హైదరాబాద్ నుంచి తెప్పించుకునే కాయితమొకటి తీసి పరిచిండు. ఒక్కో ఫండు పేరు, దాని పక్కపొంటి ఏడాదికి, మూడేండ్లకు, అయిదేండ్లకు అంకెలు. ఆయన వేలు పెట్టి చూపెట్టిన ఫండు కాడ ఆరు, తొమ్మిది, పదకొండు. నాలుగు వరుసల కిందనే ఇంకోటున్నది. దానికి తొంభై అయిదు, తొంభై ఒకటి, ఎనభై ఎనిమిది!

నేను సావుకారి ఇంట్ల పుట్టి సావుకారి ఇంటికొచ్చిన దాన్ని. నా కండ్లు మోసపోతయా? పైగా మా ఊళ్ల ఏ గోడ సూసినా కాలేజీలోళ్లు పిల్లల ఫోటోల కింద తొంభై అయిదు, తొంభై ఎనిమిది అని ఇంత లావు రాస్తరు. ఆరు మార్కులొచ్చిన పోరన్ని ఏ గోడకు ఎక్కిస్తరు? ఈయనకు ఈ ఆరు మార్కుల ఫండోడే కమీషన్ ఎక్కువిస్తున్నడని నా మనసుల పడ్డది. ఆయన చెప్పవోయిండు. నేను చెప్పనిస్తె గద!

"సాలు తియ్ సాబ్" అన్న. "గొర్లు కాసేటోళ్లకు పైసల సంగతి ఏం తెల్వాలె? మాకు చెప్తవా?"

దుకాణంల నలుగురు గిరాకీ ఉన్నరు. మా చెల్లె ఉన్నది. మా ఆయన తక్కెడ ఆపి నా దిక్కు సూసిండు. ఆ సూపు నాకు ఇప్పటికీ గుర్తే. కాంపౌండర్ సాబ్ లేచిండు. గ్లాసు కడిగి బోర్లిచ్చిండు. "కాయితం నీ దగ్గరనే ఉండనియ్ అమ్మా, నిమ్మలంగ సూడు" అని చెప్పులేసుకొని పోయిండు. నేను నిమ్మలంగ సూసే రకమా? వారం తిరగకముందే మిర్యాలగూడల టై కట్టుకున్న ఏజెంటు దగ్గరికి చెల్లెను తోలుకపోయి, పైసలన్నీ ఆ తొంభై అయిదు ఫండుల పెట్టించిన. "మంచి సెలక్షన్ మేడం" అన్నడు ఆ టై ఆయన. నేను పొంగిపోయిన.

పది నెలలు కాంపౌండర్ సాబ్ మా గడప దిక్కు రాలె. తర్వాత ఒకనాడు దొడ్డుబియ్యం కావాలని వచ్చిండు. తప్పు చేసినదాన్ని నేనైనా, మొగమంత వెలిగించుకొని నేనే మొదలువెట్టిన. "సూసినవా సాబ్, మా చెల్లెకు ఇంటికి చెక్కు వచ్చింది. డివిడెండట!"

"ఏ ఫండుల పెట్టిచ్చినవ్ అమ్మా?"

చెప్పిన. ఆయన మొగం వాడిపోయింది. అది గెలిచినోని మొగం కాదు, ఇప్పుడు అనుకుంటె తెలుస్తది. సంచిల నుంచి కొత్త కాయితం తీసిండు గని వెంటనే పరువలె. మా బియ్యం బస్తల చెయ్యి పెట్టి గుప్పెడు తీసిండు.

"బియ్యం కొనేటప్పుడు నూక శాతం సూస్తవా?"

"సూడక? అది సూడకపోతె దుకాణం బందే."

"నూక తొంభై అయిదు ఉన్న బియ్యం కొంటవా?"

"గది బియ్యం ఎట్లయితది సాబ్, నూకలే గద! ఎవడన్న కొంటడా..." అనుకుంటనే నా నోరు ఆగిపోయింది.

"ఇది గూడ గంతే అమ్మా. ఈ అంకె మార్కు కాదు, జాగ. ఒక్క తీరు ఫండ్లన్నిటిని తెచ్చి వరుసగ నిలవెట్టి, ఆ వరుసను నూరు వంతులు చేస్తె ఇది ఎన్నో వంతుల ఉన్నది అని. గొర్లను మేతకు తోలుకపోతం సూడు, ముందట నడిచేది ఒకటి. తొంభై అయిదంటె ఎనుక దుమ్ము తినేది. పరీక్షలోళ్లు కింది నుంచి లెక్కవెడ్తరు, వీళ్లు మీది నుంచి లెక్కవెడ్తరు. నీ తప్పు గాదు."

నా తప్పు గాదట! నెత్తిన పిడుగు వడ్డట్టయింది నాకు. ఇరవై ఏండ్లసంది నూక శాతం సూసే దాన్ని, చిన్న అంకెల మంచి ఉంటదని నాకు తట్టకపాయె. "మరి చెక్కు వచ్చింది గద సాబ్?" అన్న. మునిగేటోడు గడ్డిపోస పట్టుకున్నట్టు.

"మీ మందల నుంచే రెండు పొట్టేళ్లు తీసి మీ ఇంటి ముందట కట్టేసి, ఇగో లాభం అంటె? మందల రెండు తగ్గినయా లేదా?" అన్నడు. బస్తా మీద సర్దుకొని కూసున్నడు. "మా నాయనకు అక్షరం రాదు అమ్మా. ఏడాదికోపారి లెక్క తీసేటోడు. పుట్టిన పిల్లలెన్ని, అమ్మిన పొట్టేళ్లెన్ని, కత్తిరిచ్చిన బొచ్చుకు ఎంతొచ్చింది, ఎరువు కోసం రైతు తన పొలంల మంద పెట్టించుకొని ఎన్ని వడ్లు కొలిచిండు, సచ్చినయ్ ఎన్ని. అన్ని కలిపి, తీసేసి, అప్పుడు అనేటోడు, ఈ ఏడు మంద గింత ఇచ్చిందని. గొర్రెలు మస్తున్నయని ఒక్కటే సూసి మురిసేటోడు కాదు. బొచ్చు పైసలొచ్చినయని ఒక్కటే సూసి మురిసేటోడు కాదు. ఈ కాయితపోళ్లు గూడ చేతికిచ్చింది, లోపట పెరిగింది కలిపి మొత్తం సూసినంకనే వరుస కడ్తరు. గా మొత్తంల మీది ఎనుకవడ్డది."

గొర్లు కాసేటోళ్ల లెక్క! ఆ మాట ఆయన అనలె. నేనన్న మాటను తిరిగి నా మొగాన కొట్టలె. కొడితె బాగుండు అనిపించింది నాకు. సిగ్గుతోని సచ్చిన. మన్నించమని అడగాలె, నాలిక మీదికి వచ్చింది, మళ్ల లోపటికి పోయింది. సావుకారామెను గద, అహంకారం అంత జల్ది దిగదు.

తెల్లారి ఇద్దరం మిర్యాలగూడ పోయినం. బస్సుల ఆయన నాకు రెండు సీట్లెనుక కూసున్నడు. చెల్లె ఏడ్వలె, తిట్టలె. "నువ్వు నా మేలు కోరే చేసినవ్ అక్కా" అన్నది. దానికంటె నాలుగు తన్నినా మంచిగుండె. పైసలన్నీ అందులకెల్లి తీసి ఆరో జాగ ఫండుల వేయించిండు కాంపౌండర్ సాబ్. అప్పుడే దానికి ఒక మాట చెప్పిండు. "చెల్లె, ఈ అంకె ఎవరు ముందట ఉన్నరో చెప్తది. మంద ఎటు పోతున్నదో చెప్పది. యాదుంచుకో." చెల్లె తలూపింది. నేను గూడ ఊపిన. ఇద్దరికీ సమజ్ కాలేదు.

అప్పటిసంది మూణ్ణెల్లకోపారి మిర్యాలగూడ పోయి దానికి అంకెలు చదివి చెప్పేటోడు. చెల్లె గోడ క్యాలెండర్ మీద రాసుకునేది. ఒక మూణ్ణెల్లు ఆరు పోయి ఇరవై అయితె చెల్లె బుగులు పడేది. "ఒక్కనాడు ఎనుకవడ్డదని గొర్రెను కోసుకుంటమా? మూడేండ్లది సూడు, అయిదేండ్లది సూడు" అని సముదాయించేటోడు. బస్సు కిరాయి ఇస్తె ముట్టేటోడు కాదు.

రెండు వేల ఎనిమిది వచ్చింది. మార్కెట్ మొత్తం కూలింది. ఊళ్ల ఎవరి నోట సూసినా కాంపౌండర్ సాబ్‌కు తిట్లే. లాభమొచ్చినప్పుడు మా తెలివి అన్నోళ్లు, నష్టమొచ్చినప్పుడు ఆయన పాపం అన్నరు. వేరే ఏజెంట్లు ఫోన్లు ఆపేసుకున్నరు. ఈయన మటుకు పొద్దున లేచి, ఎవరెవరి పైసలు పెట్టించిండో వాళ్ల ఇండ్లకు తనే పోయిండు. తిడితె నిలవడి తిన్నడు. ఒకామె కల్లాపి సల్లే నీళ్లు మీద పోసిందట. అంగి తడితోనే మా దుకాణానికి వచ్చి, "మిర్యాలగూడకు పోదాం, వస్తవా అమ్మా?" అన్నడు.

చెల్లె అర్ర ముందట మా చెల్లె బావ, మిల్లు పెద్దాయన, కుర్చీ ఏసుకొని కూసున్నడు. తమాషా సూడనికి. "ఏమాయె నీ గొర్లాయన లెక్క? సగానికి సగం ఖతమట గద" అన్నడు. చెల్లె కండ్లు ఉబ్బి ఉన్నయ్. కాంపౌండర్ సాబ్ చేతిల కాయితం గుంజుకొని సూసింది. "నాలుగు! నాలుగో జాగల ఉన్నది అన్నా! మొదటి కంటె ముందటికే వచ్చింది. మరి నా పైసలేవి? నా రూములేవి?"

"మంద మొత్తం వాగుల దిగింది చెల్లె. ముందట నడిచేది గూడ తడుస్తది. తక్కువ పోగొట్టుకున్నోళ్లను నూటికి లెక్కవెడితె నీది నాలుగో జాగ. గంతే దానర్థం. నేను ఆనాడే ఇంకింత గట్టిగ చెప్పాల్సింది. చెప్పలె. ఆ తప్పు నాది."

"తీసేస్త అన్నా. మిగిలినయన్న తీసుకుంట."

"రూములు ఎప్పుడు కావాలె?"

"నా చేతుల ఉంటె రేపే కావాలె."

"రేపే కావాలంటె తీసుకో. ఫారం తెచ్చిన, ఇగో. నాలుగైదేండ్లు ఆగుతనంటె ఉంచు. లేస్తదని మాట ఇయ్యమంటె మాత్రం నేను ఇయ్య. మాట తప్పితె పోయేది నా మాట కాదు, నీ ఇల్లు."

పెద్దాయన నవ్విండు. నాకు మండింది. చెల్లె ఎవరి దిక్కూ సూడలె. దండెం మీది చీర తీసి దులిపింది. బూడిద ఇంత లేచింది. దగ్గుకుంట దగ్గుకుంట, "ఇప్పుడు తీస్తె ఈ అర్రలనే సస్త. ఉంచుత అన్నా" అన్నది. ఆయన ఫారం మడిచి సంచిల పెట్టుకున్నడు. సంచి ముడి ఏస్తె రెండు పార్లు జారిపోయింది. గొప్పలకు పోయేటోడైతె నీకెందుకు నేనున్న అనేటోడు. ఆయనకు గంత భయమున్నదని నాకు గప్పుడే తెలిసింది.

మంద వాగు దాటింది. చాన రోజులు పట్టింది. నడుమ ఆ ఫండే ఎనుకవడితె ఇంకో దాంట్లకు మార్పించిండు. నేను కొంత ఏసిన, చెల్లె కుట్టుమిషన్ మీద కూడవెట్టింది కొంత ఏసింది. రెండు వేల పన్నెండుల మిర్యాలగూడ ఊరవతల, మిల్లులకు దూరంగ, రెండు రూములు లేచినయ్. మా చెల్లె పేరు మీద.

గృహప్రవేశం నాడు అందరికంటె ముందుగాల ఆవు ఇంట్లకు పోవాలె. పక్కింటోళ్ల ఆవును, దూడను తోలుకొచ్చిన్రు. కొత్త బండలు అద్దమోలె మెరుస్తున్నయ్. ఆవు గడప కాడికొచ్చి నిలవడ్డది, కాలు పెట్టది. మిల్లు పెద్దాయన పట్టుపంచె కట్టుకొని ముందట నిలవడి తాడు గుంజుతున్నడు. ఇంకొకలు తోక మెలివెడుతున్నరు. ఆవు కండ్లు తేలేస్తున్నది. పంతులు ముహూర్తం దాటుతున్నదని మొత్తుకుంటున్నడు.

కాంపౌండర్ సాబ్ రోడ్డవతల ఉన్నడు. చెప్పుల కాడ, సంచి సంకల పెట్టుకొని. పిలువంగనే వచ్చిండు గని లోపటికి మాత్రం రాలె. చెల్లె కొంగు నడుముకు చెక్కి అరిచింది. "అన్నా! జర రా అన్నా!"

ఆయన చెప్పులిడిసి వచ్చిండు. పెద్దాయన చేతిలకెల్లి తాడు తీసుకొని ఆవు గంగడోలు నిమిరిండు. దాని చెవుల ఏదో అన్నడు. రెండు తడి గోనెసంచులు అడిగి బండల మీద పరిపించిండు. దూడను ఎత్తి గడప అవతల నిలవెట్టిండు. ఆవు తలకాయ ఊపి, దూడ ఎంబడి ఒక్కొక్క కాలు పెట్టుకుంట ఎక్కింది. అందరం "అబ్బ" అన్నం. ఆవు ఎక్కంగనే ఆయన గడప ఇవతలనే ఆగి, తాడు కొసను పెద్దాయన చేతికియ్యవోయిండు.

పెద్దాయన చెయ్యి సాపిండు. మా చెల్లె నడుమ అడ్డమొచ్చింది. "తాడు ఇడవకు అన్నా. నువ్వే నడువు" అన్నది. ఆయన కదలలె. తల అడ్డంగ ఊపిండు. గడప కాడ నిలవడి ఆ ఊపుడు సూసినప్పుడు నేను ముందటికొచ్చిన. ఏడేండ్లు మింగిన మాట బయటవెట్టిన.

"సాబ్" అన్న. "గొర్లు కాసేటోళ్లకు పైసల సంగతి ఏం తెల్వాలె అన్న ఆనాడు. నలుగురి ముందట అన్న. ఇప్పుడు వందమంది ముందట చెప్తున్న, అది నా తప్పు. నా కండ్లు నెత్తికెక్కి అన్న మాట. మన్నించు."

మ్యాళం ఆగింది. పెద్దాయన నన్ను తినేటట్టు సూసిండు. కాంపౌండర్ సాబ్ నా మొగం సూసిండు. నేను అనుకున్న, ఎప్పటి ముచ్చటో అమ్మా, గప్పుడే మర్శిన అంటడని. పెద్దమనుషులు గట్లనే అంటరు గద.

"మర్శిపోలె అమ్మా" అన్నడు. "ఒక్కనాడు గూడ మర్శిపోలె. నువ్వు మర్శిపోయినవనుకున్న."

"నేను గూడ మర్శిపోలె సాబ్."

"అట్లనా" అన్నడు. కండ్లు తుడుసుకున్నడు. తాడు చేతికి ఒక చుట్టు చుట్టుకొని కుడికాలు గడప లోపట పెట్టిండు. ముందట ఆవు పోయింది, దాని ఎనుక ఆయన పోయిండు, ఆయన ఎనుక మా చెల్లె. మిగిలినోళ్లం ఆ తర్వాత పోయినం.